స్ట్రీమర్ కొనే ముందు నానమ్మని అడగండి

మొన్న దసరా సెలవుల్లో జీడిమెట్లలో మా ఇంట్లో అటక దులిపాం. పాత ట్రంకు పెట్టె వెనకాల, దుప్పట్లో చుట్టి, తాతయ్య యాంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్లు దొరికాయి. తాతయ్య పోయాక వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ప్లగ్ పెట్టి చూస్తే లైటు వెలిగింది. నానమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ, కాసేపు ఆ లైటునే చూసి వెళ్ళిపోయింది.

నాన్న అన్నారు: "క్యాసెట్ ప్లేయర్ ఎలాగూ పోయింది. ఇప్పుడు ఏదో స్ట్రీమర్ అని వస్తోందట కదా, అదేంటో చూడు. నువ్వు కంప్యూటర్ సైన్స్ కదా." మన బ్రాంచ్ వాళ్ళకి తెలుసు, ఈ చివరి వాక్యం పడ్డాక ఇక తప్పించుకోలేం. ప్రింటర్ దగ్గర నుంచి గీజర్ దాకా అన్నీ మన సిలబస్సే.

సరే అని కూర్చున్నా. రెండు వారాలు రివ్యూలు చదివి ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేశా. డాక్ చిప్ పేరు, బిట్ డెప్త్, శాంప్లింగ్ రేటు, వైఫై బ్యాండ్, ధర... మొత్తం పద్నాలుగు కాలమ్స్. గర్వంగా లాప్‌టాప్ తెచ్చి హాల్లో అందరికీ చూపించా. నానమ్మ ఓపిగ్గా అంతా విని ఒక్కటే అడిగింది: "దీన్ని నేనొక్కదాన్నే పెట్టుకోవచ్చా నాన్నా?"

పద్నాలుగు కాలమ్స్‌లో ఆ కాలమ్ లేదు.

ఈ వ్యాసం ఆ కాలమ్ గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఇంట్లో హైఫైకి స్ట్రీమర్ ఎంచుకునేటప్పుడు సౌండ్ క్వాలిటీ నాలుగో ప్రశ్న. మొదటి మూడు ఇవి: పాట నిజంగా మన చేతిలో ఉంటుందా? ఆ డబ్బాకి తెలుగు వచ్చా? ఫోన్ తీయడం రాని మనిషి కూడా దాన్ని వాడగలరా? మనం రివ్యూలన్నీ తలకిందులుగా చదువుతున్నాం అని నాకనిపిస్తోంది.

అసలు స్ట్రీమర్ అంటే

హాస్టల్లో ఇయర్‌బడ్స్‌తో బతికే వాళ్ళ కోసం చిన్న వివరణ. స్ట్రీమర్ అంటే ఒక చిన్న కంప్యూటర్. ఒక వైపు వైఫై గానీ లాన్ కేబుల్ గానీ, ఇంకో వైపు యాంప్లిఫయర్‌కి వెళ్ళే ఎరుపు, తెలుపు పిన్నులు. మధ్యలో మూడు పనులు జరుగుతాయి. నెట్ నుంచో మన హార్డ్ డిస్క్ నుంచో పాట ఫైలు తెచ్చుకోవడం, దాన్ని విప్పడం, ఆ అంకెల్ని డాక్ అనే చిప్ ద్వారా కరెంటు తరంగంగా మార్చడం. అంతే. స్పీకరు దాన్ని గాలిలో కదిలిస్తుంది.

"బ్లూటూత్ ఉంది కదరా, ఇంకేంటి?" అని మీరు అడుగుతారు. నేనూ అదే అనుకుని ముందు కోఠి గుజరాతీ గల్లీలో ఒక చిన్న బ్లూటూత్ రిసీవర్ కొన్నా. పాట వచ్చింది, బాగానే వచ్చింది. రెండో రోజు సాయంత్రం నానమ్మ త్యాగరాజ కీర్తన వింటుంటే నాన్న ఫోన్‌కి కాల్ వచ్చింది. కీర్తన ఆగిపోయి, ఆయన రింగ్‌టోన్ రెండు పెద్ద స్పీకర్లలోంచి ఇల్లంతా మోగింది. ఆ తర్వాత నాన్న ఫోన్ జేబులో పెట్టుకుని కిందికి పాలకెళ్ళారు. కీర్తన కూడా ఆయనతో పాటే మెట్లు దిగిపోయింది.

బ్లూటూత్‌లో పాట మన ఫోన్‌లోంచి వస్తుంది. స్ట్రీమర్‌లో ఫోన్ కేవలం రిమోట్. "ఇది ప్లే చెయ్" అని ఫోన్ ఒక మాట చెప్తుంది, ఆ తర్వాత డబ్బా తనంతట తాను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఫోన్ స్విచాఫ్ చేసినా పాట ఆగదు. ఇంట్లో అందరూ వాడుకునే సిస్టమ్‌కి ఈ తేడా చాలా పెద్దది. బ్లూటూత్‌తో పెడితే అది ఎవరి ఫోనో వాళ్ళ సిస్టమ్. స్ట్రీమర్ పెడితే అది ఇంటి సిస్టమ్.

సౌండ్ సంగతి త్వరగా తేల్చేద్దాం

మన వాళ్ళకి ఇష్టమైన టాపిక్ ఇది, అందుకే త్వరగా అయిపోగొడతా. సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానెల్స్. గుణిస్తే సెకనుకి సుమారు 1,411 కిలోబిట్లు. శాంప్లింగ్ రేటులో సగం వరకు ఉన్న ఫ్రీక్వెన్సీని తిరిగి రాబట్టుకోవచ్చని సిగ్నల్స్ క్లాసులో చదివిందే. అంటే 22 కిలోహెర్ట్జ్ దాకా. మనిషి చెవి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది, వయసు పెరిగే కొద్దీ ఆ పైభాగం తగ్గిపోతుంది. 16 బిట్లతో దాదాపు 96 డెసిబెల్స్ రేంజ్ వస్తుంది. మామూలు క్యాసెట్‌కి అది 50 నుంచి 60 డెసిబెల్స్.

ఇప్పుడు మా ఇంట్లో వినేది ఏమిటి? ఘంటసాల, సుశీల, లీల, బాలమురళీకృష్ణ. 1957లో వచ్చిన మాయాబజార్ పాటలు మోనోలో రికార్డ్ చేసినవి. ఎడమా లేదు, కుడీ లేదు, ఒక్కటే ధార. 2010లో హైదరాబాద్‌కే చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ ఆ సినిమాకి రంగులు వేసి, సౌండ్‌ని కూడా డీటీఎస్‌లోకి మార్చి మళ్ళీ విడుదల చేసింది. అది వేరే శ్రమ, దాని విలువ దానిది. కానీ మూల రికార్డింగ్‌లో లేని వివరాన్ని 192 కిలోహెర్ట్జ్ స్ట్రీమర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? నా స్ప్రెడ్‌షీట్‌లో ఐదు కాలమ్స్ ఈ ఒక్క ప్రశ్నతో ఎగిరిపోయాయి.

సౌండ్ పట్టించుకోవద్దని కాదు నేను చెప్పేది. ఎక్కడ పట్టించుకోవాలో అక్కడ పట్టించుకోమంటున్నా. మా స్పీకర్ల కోన్ చుట్టూ ఉండే ఫోమ్ ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. దాన్ని కోఠిలోనే కొత్తది వేయించాం. ఆ తేడా ముందు ఏ డాక్ తేడా నిలబడదు. ఇంకోటి, హమ్మింగ్. మాది కింద చిన్న వర్క్‌షాప్ ఉన్న బిల్డింగ్. జీడిమెట్లలో ఇలాంటివి వీధికి నాలుగు. స్పీకర్లలో ఎప్పుడూ 'మ్‌మ్‌మ్' అని ఒక మోత వస్తుంటే కింద మిషన్ల వల్లే అనుకున్నాం. ఆదివారం షట్టర్ మూసి ఉన్నా మోత ఆగలేదు. అసలు దొంగ టీవీ కేబుల్. కేబుల్ వైరు ఒక చోట భూమికి తగులుతుంది, ఇంటి ఎర్తింగ్ ఇంకో చోట. టీవీని యాంప్లిఫయర్‌కి కలపగానే రెండింటి మధ్య 50 హెర్ట్జ్ కరెంటు తిరుగుతోంది. టీవీ నుంచి రాగి వైరు బదులు ఆప్టికల్ కేబుల్ తీసుకుని ఒక చిన్న కన్వర్టర్ పెట్టాం. కాంతి కరెంటుని మోసుకురాదు కాబట్టి మోత పోయింది. ఇవన్నీ స్ట్రీమర్ బ్రోషర్‌లో ఉండవు.

కాబట్టి సౌండ్ విషయంలో నా రూల్: సీడీ స్థాయిలో ఆగకుండా పాడితే చాలు, ఆప్టికల్ అవుట్ ఉంటే ఇంకా మంచిది, వీలైతే లాన్ కేబుల్ పెట్టండి. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.

పాట ఎవరిది?

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చే భాగం. మనం "నా ప్లేలిస్ట్" అంటాం. అది మనది కాదు. 2020లో గూగుల్ ప్లే మ్యూజిక్ మూసేశారు. 2024 జనవరిలో రెస్సో మన దేశంలో ఆగిపోయింది. అదే సంవత్సరం ఎయిర్‌టెల్ వాళ్ళ వింక్ కూడా పోయింది. మా బాబాయి ఎన్నో ఏళ్ళు కూర్చిన ప్లేలిస్ట్ ఇలాగే ఒక యాప్‌తో పాటు పోయింది. పాటలు ఇంకో చోట దొరుకుతాయి, నిజమే. కానీ ఏ పాట తర్వాత ఏ పాట అని ఆయన పేర్చుకున్న వరస ఎక్కడ దొరుకుతుంది?

యాప్ బతికే ఉన్నా పాటలు ఉంటాయన్న గ్యారంటీ లేదు. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో ఇండియాకి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే సారేగామ లైసెన్స్ గొడవతో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది, ఆ పాటలు అక్కణ్ణుంచి తీసేశారు. మళ్ళీ ఒప్పందం కుదిరి తిరిగొచ్చింది 2020లో. సారేగామ అంటే ఎవరు? మన తాతల కాలంలో హెచ్ఎంవి రికార్డులు వేసిన కంపెనీయే. అంటే ఏడాదికి పైగా పాత పాటల పెద్ద ఖజానా ఒకటి ఆ యాప్‌లో లేదు. తప్పు ఎవరిదని నేను తీర్పు చెప్పట్లేదు. రెండు కంపెనీల మధ్య కాగితం మీద సంతకం లేకపోతే మా హాల్లో ఘంటసాల ఆగిపోతాడు, అది చాలు నాకు భయం వేయడానికి.

డబ్బాల సంగతి కూడా అంతే. గూగుల్ 2015లో క్రోమ్‌కాస్ట్ ఆడియో అని చిన్న గుండ్రటి స్ట్రీమర్ తెచ్చింది. తక్కువ ధరలో అద్భుతమైన వస్తువు. 2019లో తయారీ ఆపేశారు. 2025 మార్చిలో ఒక రోజు ప్రపంచమంతా అవి ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. హార్డ్‌వేర్ చెడిపోలేదు. ఆ డబ్బా అసలైనదేనని ఫోన్‌కి నిరూపించే డిజిటల్ సర్టిఫికెట్ల గొలుసులో ఒకదానికి పదేళ్ళ గడువు పెట్టారు, ఆ గడువు తీరిపోయింది. గూగుల్ కొన్ని రోజుల్లో సరిచేసింది, మెచ్చుకోవాలి. కానీ ఆలోచించండి, చేయకపోయి ఉంటే? బాగున్న వస్తువు, ఒక తేదీ దాటినందుకు రాయి అయిపోయేది. మన క్లాసులో సెక్యూరిటీ చదివేటప్పుడు సర్టిఫికెట్ ఎక్స్‌పైరీ రెండు మార్కుల ప్రశ్న. ఎవరింట్లోనో అది పాట ఆగిపోవడం.

దీనికి ఎదురు ఉదాహరణ స్క్వీజ్‌బాక్స్. లాజిటెక్ 2006లో ఆ కంపెనీని కొని, 2012లో ఆ వస్తువుల్ని ఆపేసింది. దాని ఆన్‌లైన్ సర్వీసు కూడా 2024లో మూసేసింది. అయినా ఆ పాత డబ్బాలు ఇవాళ్టికీ పాడుతున్నాయి. ఎందుకంటే దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో వాడేవాళ్ళే దాన్ని నడుపుకుంటున్నారు. కంపెనీ వదిలేసినా మనుషులు వదల్లేదు.

అందుకని నా మొదటి ప్రశ్న: కంపెనీ రేపు పొద్దున షట్టర్ దించేస్తే ఈ డబ్బా ఏం చేస్తుంది? యూపీఎన్‌పీ లాంటి అందరికీ తెలిసిన పద్ధతిలో మన ఇంటి కంప్యూటర్లోని ఫైళ్ళు పాడగలిగితే బతుకుతుంది. అకౌంట్‌తో లాగిన్ అయితే తప్ప ఆన్ కాని డబ్బా అయితే, అది మనం కొన్నది కాదు, అద్దెకి తెచ్చుకున్నది.

ఏ యాప్‌లోనూ దొరకని పాట

ఫైళ్ళు ఎందుకురా ఈ కాలంలో అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది, ఆ ట్రంకు పెట్టె పూర్తిగా ఖాళీ చేసేదాకా.

అడుగున ఒక బిస్కెట్ డబ్బాలో పదకొండు క్యాసెట్లు ఉన్నాయి. తొమ్మిది సినిమా పాటలు. రెండిటి మీద తాతయ్య చేతిరాత. తాతయ్య తెనాలి వైపు నుంచి జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనికి వచ్చారు. నాటకాల పిచ్చి ఉండేదని విన్నాను గానీ నేనెప్పుడూ ఆయన పాడగా వినలేదు, నేను పుట్టేసరికే గొంతు పోయింది. ఆ రెండు క్యాసెట్లలో ఒకటి ఇంట్లోనే రికార్డ్ చేసింది. పాండవోద్యోగ విజయాల్లోని పద్యాలు, రాయబారం సీను, హార్మోనియం లేకుండా. వెనకాల ప్రెషర్ కుక్కర్ విజిల్, మధ్యలో ఒక చిన్నపిల్లాడు ఏడుపు. ఆ పిల్లాడు మా నాన్న.

స్నేహితుడింటి నుంచి క్యాసెట్ ప్లేయర్ అడిగి తెచ్చి, లాప్‌టాప్‌కి కలిపి, ఆడాసిటీలో రికార్డ్ చేశా. తొంభై నిమిషాల క్యాసెట్ ఎక్కించడానికి తొంభై నిమిషాలు పడుతుంది, షార్ట్‌కట్ లేదు. హిస్ తగ్గించే ఫిల్టర్ ఎక్కువ పెడితే తాతయ్య గొంతులో గరుకుదనం కూడా పోయి, ఎవరో ప్లాస్టిక్ మనిషి పాడినట్టు వచ్చింది. తీసేశా. హిస్‌తోనే ఉంచా. ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచా, ఎందుకంటే అందులో సైజు తగ్గినా ఒక్క బిట్ కూడా పోదు. రెండు కాపీలు, ఒకటి ఇంట్లో, ఒకటి అత్త వాళ్ళింట్లో.

ఈ పద్యాలు ఏ స్ట్రీమింగ్ సర్వీసులోనూ ఉండవు. ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. మన ఇళ్ళలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో. పెళ్ళిలో సన్నాయి, అమ్మమ్మ మంగళహారతి, పక్కింటి మాస్టారి హరికథ. సొంత ఫైళ్ళని రెండో తరగతి పౌరుల్లా చూసే స్ట్రీమర్ మన ఇళ్ళకి పనికిరాదని నేను అనేది ఇందుకే.

డబ్బాకి తెలుగు వచ్చా?

ఫైళ్ళు తయారయ్యాక పేర్లు పెట్టాలి. ఇక్కడ నేను చేసిన మొదటి పని ఇంగ్లిష్‌లో టైప్ చేయడం. ఇంగ్లిష్ మీడియం అలవాటు, వేళ్ళు అటే పోతాయి. నానమ్మకి స్క్రీన్ చూపించి "చూడు, తాతయ్య పేరు" అన్నా. "ఏదీ?" అంది. నానమ్మకి తెలుగు చదవడం బాగా వచ్చు, రోజూ పేపర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతుంది. నాకంటే నాలుగు రెట్లు వేగంగా. ఇంగ్లిష్ రాదు. ఆవిడ భర్త పేరు ఆవిడ చదవలేని లిపిలో రాసి చూపించా నేను.

కూర్చుని మొత్తం తెలుగులోకి మార్చా. అప్పుడు తెలిసింది, సమస్య నా వేళ్ళతో ఆగదని. ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు చక్కగా వచ్చింది, ఇంకో దాంట్లో వరసగా ఖాళీ గళ్ళు వచ్చాయి, ఎందుకంటే అందులో తెలుగు ఫాంట్ లేదు. ఎంపీ3 ఫైళ్ళలో పాత రకం ట్యాగ్ ఒకటి ఉంటుంది, ఐడీ3 మొదటి వెర్షన్. అందులో పేరుకి 30 బైట్లే చోటు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. యూనికోడ్‌ని యూటీఎఫ్-8లో దాస్తే తెలుగులో ప్రతి గుర్తుకీ మూడు బైట్లు, గుణింతమూ సున్నా కూడా విడివిడి గుర్తులే. 'ఘంటసాల వెంకటేశ్వరరావు' అని రాస్తే 61 బైట్లు. తెలియక దాన్ని ఆ 30 బైట్లలోకి తోస్తే మిగిలేది 'ఘంటసాల వెం', దాని పక్కన ఒక విరిగిన అక్షరం. మన భాష పెద్దది కాదు, ఆ పెట్టె చిన్నది. ఎవరో ఎక్కడో తమ భాషని కొలిచి పెట్టె చేశారు. కొత్త వెర్షన్లలోనూ, ఫ్లాక్‌లోనూ ఈ సమస్య లేదు, అందుకే ట్యాగులు వాటిలోనే పెట్టండి.

ఆన్‌లైన్ సర్వీసుల్లో పరిస్థితి ఇంకా విచిత్రం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరు ఇంగ్లిష్‌లో ఒక చోట హెచ్ పెట్టి, ఒక చోట తీసేసి, ఒక చోట చివర్లో వై, ఒక చోట ఐ, ఇంకో చోట ఉత్త ఎస్పీబీ. కంప్యూటర్‌కి వీళ్ళంతా వేరే వేరే గాయకులు. మాయాబజార్ అని వెతికితే 1957 సినిమా, 2006లో వచ్చిన ఇంకో సినిమా పక్కపక్కన కూర్చుంటాయి. కీర్తనల దగ్గరికొస్తే ఇంకా ఘోరం. పాడిందెవరో ఉంటుంది, రాసిందెవరో ఉండదు, రాగం పేరు ఉంటే అదృష్టం. మా నానమ్మ "అన్నమయ్యవి పెట్టు" అంటుంది. ఆర్టిస్ట్ అనే గడిలో అన్నమయ్యని ఎలా వెతకాలి?

ఇదంతా పరికరం తప్పు కాదు, ఒప్పుకుంటా. కానీ ఎంచుకునేటప్పుడు చూడాల్సిన విషయం. కొనే ముందు షాపులోనే ఒక పెన్‌డ్రైవ్‌లో తెలుగు పేర్లున్న నాలుగు పాటలు వేసుకెళ్ళి పెట్టి చూడండి. డబ్బా మీద స్క్రీన్ ఉంటే స్క్రీన్‌లో, లేకపోతే దాని యాప్‌లో. గళ్ళు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి. రచయిత, రాగం లాంటి వాటితో వెతకనిస్తుందా అని కూడా అడగండి. అడిగేవాళ్ళు లేకపోతే చేసేవాళ్ళు ఎప్పటికీ చేయరు. ఆ చేసేవాళ్ళు ఇంకో మూడేళ్ళలో మనమే కావచ్చు కూడా, మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కూర్చుని.

నానమ్మ పరీక్ష

ఇక అసలు ప్రశ్న. నానమ్మకి ఇప్పటికీ ఒక రేడియో ఉంది. మీట తిప్పుతుంది, వివిధ భారతి 102.8 వస్తుంది. అంతే. ఎవరినీ అడగక్కర్లేదు. ఆ రేడియోకి ఆవిడ యజమాని. స్ట్రీమర్ వచ్చాక ఆవిడకి కోట్ల పాటలు దొరుకుతాయి, కానీ ప్రతి పాటకీ "బాబూ, కాస్త పెట్టవా" అని మమ్మల్ని బతిమాలాలి. మేం రీల్స్ చూస్తూ "ఆఁ, ఐదు నిమిషాలు" అంటాం. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, నేను అన్న మాటే. ఎక్కువ పాటలు ఇచ్చి, పెట్టుకునే స్వతంత్రం తీసేసుకోవడం ఏం అభివృద్ధి?

ఈ విషయం బాగా అర్థం చేసుకున్నది సారేగామ కార్వాన్. 2017లో వచ్చింది. పాత రేడియోలా కనిపించే డబ్బా, లోపల ముందే నింపిన 5,000 హిందీ పాటలు, ముందు మీటలు. తర్వాత తెలుగు పాటలతో కూడా వచ్చింది. నెట్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. మన గ్రూపులో వాళ్ళు దాన్ని 'ముసలాళ్ళ ఐపాడ్' అని ఎగతాళి చేశారు. కానీ ఖరీదైన స్ట్రీమర్లు తయారు చేసే ఇంజినీర్లకి తట్టనిది వీళ్ళకి తట్టింది: యూజర్ అంటే ఇరవై ఐదేళ్ళ కుర్రాడు మాత్రమే కాదని.

నా పరీక్ష ఇది. ఫోన్ పక్కన పెట్టేయండి. ఇంట్లో పెద్దావిడని ఒక్కదాన్నే హాల్లో వదిలేయండి. లేచి, వెళ్ళి, తనకి కావలసిన పాట పెట్టుకుని, శబ్దం తగ్గించుకుని, ఆపగలిగితే ఆ స్ట్రీమర్ పాసైనట్టు. దీనికి కావలసినవి రెండే: డబ్బా మీదో రిమోట్ మీదో చేతికి తెలిసే నిజమైన బటన్లు, వాటికి మనం ముందే పెట్టి ఉంచగలిగే ప్రీసెట్లు.

మేం ఏం చేశాం

మొదట రాస్ప్‌బెరీ పై మీద ఒక డాక్ బోర్డు పెట్టి, మూడ్ ఆడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించా. వోల్యూమియో కూడా చూశా. చాలా నచ్చింది, అన్నీ నా చేతిలోనే. తర్వాత నాకు ఇంటర్నల్స్ వచ్చాయి, రోజంతా కాలేజీలోనే. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, పాట రాసుకుంటున్న సమయంలో ఎస్‌డీ కార్డు పాడైంది. తప్పు నాదే, కార్డుని రీడ్ ఓన్లీగా పెట్టాల్సింది, పెట్టలేదు. నాలుగు రోజులు నానమ్మకి పాట లేదు. నాకు ఫోన్ చేసి చెప్పలేదు కూడా, "నీకు పరీక్షలు కదా" అంది. అప్పుడు సిగ్గేసింది. నేను కట్టింది ఓపెన్ సోర్స్ సిస్టమే, కానీ దాన్ని తెరిచే తాళంచెవి మళ్ళీ నా ఒక్కడి జేబులోనే ఉంది. కంపెనీ మీద ఆధారపడొద్దని చెప్పి నా మీద ఆధారపడేలా చేశా.

ఓపెన్ సోర్స్ అంటే ప్రాణం పెట్టే మా సీనియర్లు దీనికి నన్ను తిడతారని తెలుసు. కానీ ఇల్లు ల్యాబ్ కాదు. చివరికి మధ్యే మార్గం. వియం, బ్లూసౌండ్, కేంబ్రిడ్జ్ ఆడియో లాంటి వాళ్ళు చేసే రెడీమేడ్ రకంలోంచి మా బడ్జెట్‌కి అందేది ఒకటి తీసుకున్నాం. ఏదో చెప్పను, మీ ఇంటి అవసరం వేరు. చూసుకున్నవి మాత్రం చెప్తా: రిమోట్‌లో ప్రీసెట్ బటన్లు, ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న ఫైళ్ళు పాడటం, లాన్ పోర్టు. పాటలన్నీ పాత లాప్‌టాప్‌లో లిరియన్ సర్వర్ మీద ఉన్నాయి. నెట్ పోయినా అవి పాడతాయి. రేపు ఆ డబ్బా కంపెనీ ఉన్నా లేకపోయినా ఫైళ్ళు మావే, ఇంకో డబ్బా తెచ్చి తగిలిస్తాం.

"ఇంత హడావుడి ఎందుకు, ఒక స్మార్ట్ స్పీకర్‌కి నోటితో చెప్తే సరిపోదా?" అని మా క్లాస్‌మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. వాయిస్ బాగా పనిచేస్తే నానమ్మ లాంటి వాళ్ళకి అంతకంటే సుఖం లేదు. మా ఇంట్లో పెట్టి చూశాం. నానమ్మ అడిగిన పద్యానికి అది ఏదో రీమిక్స్ అందుకుంది. పైగా తాతయ్య పద్యాలు దానికి తెలియవు. తెలుగు బాగా అర్థమైన రోజున నేనే ఈ వ్యాసానికి రెండో భాగం రాస్తా.

ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ అటక కూడా ఒకసారి చూడండి. క్యాసెట్లు దొరికితే ముందు వాటిని ఎక్కించండి, టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది, స్ట్రీమర్ సంగతి తర్వాతైనా చూడొచ్చు. పేర్లు తెలుగులో పెట్టండి. తర్వాత ఇంట్లో ఫోన్ తక్కువ వాడే మనిషి ఎవరో వాళ్ళని కూర్చోబెట్టి, ఏం వింటారో, ఎలా పెట్టుకుంటారో అడగండి. స్ప్రెడ్‌షీట్ ఆ తర్వాత తెరవండి.

మా రిమోట్‌లో ఒకటో నంబరు భక్తి పాటలు, రెండు ఘంటసాల, మూడు రేడియో, నాలుగు తాతయ్య. బటన్ల మీద నానమ్మే తెల్ల కాగితం ముక్కలు అంటించి పెన్నుతో అంకెలు రాసుకుంది. పోయిన శనివారం కాలేజీ నుంచి ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే తలుపు అవతల నాలుగో నంబరు మోగుతోంది. కుక్కర్ విజిల్ కూడా వినిపించింది. అది క్యాసెట్‌లోదో, వంటింట్లోదో తలుపు తీసేదాకా తెలియలేదు.